అలమారా వెనక తలుపు

మ్యూన్‌స్టర్, 4 మార్చి 1974

తాతయ్యకి,

దగ్గు ఎలా ఉంది? డాక్టరు ఇచ్చిన మందు సీసా పూర్తయ్యేదాకా తాగండి. పోయినసారిలా సగం తాగి, మిగిలింది పావురాల నీళ్ళలో కలపకండి.

ఒక వార్త. నేను పనిచేసే వెస్టర్‌మన్ గారి ఆఫీసుకి మన హాల్టర్‌బెక్ పురపాలక సంఘం ఒక పని అప్పగించింది. వాల్‌బుర్గా కాలనీని ఉంచాలా, పడగొట్టి అక్కడ పది అంతస్తుల మేడలు నాలుగు కట్టాలా అన్నది వాళ్ళు జూన్‌లో తేల్చుకుంటారట. అంతకు ముందు ఆ ఇళ్ళ కట్టడం ఎలాంటిదో, దాన్ని కాపాడుకోవలసిన అవసరం ఉందో లేదో మా ఆఫీసు రాసి, బొమ్మలు గీసి ఇవ్వాలి. గీసే పని నాకు వచ్చింది. నేను అక్కడే పుట్టానని ఇక్కడ ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

గని కంపెనీ పాత కాగితాల్లో 1899 నాటి అసలు ప్లాను దొరికింది. రెండు పెద్ద కాగితాలు. మొదటిది బల్ల మీద పరిచాను. మన ఇల్లే. ఒకే కప్పు కింద రెండు ఇళ్ళు, మధ్యలో ఒకే గోడ, ఆ గోడలోనే ఇద్దరికీ కలిపి పొగగొట్టం. పక్కింటి వాలెస్కా అత్త గరిటతో గోడ మీద కొడితే మన వంటింట్లో గిన్నెలు ఎందుకు మోగేవో ఇన్నేళ్ళకి తెలిసింది. ఇంకోటి గమనించారా? కిటికీల పైన పసుపు ఇటుకల వరస ప్రతి జంట ఇళ్ళకీ వేరుగా ఉంటుంది. ఒకచోట పళ్ళలా, ఒకచోట అలలా, ఒకచోట మెట్లలా. ఇరవై ఒక్క జంటలు, ఇరవై ఒక్క రకాలు. గని కూలీల ఇళ్ళకి ఇంత శ్రద్ధ ఎందుకు పెట్టాడో ఆ గీసినాయన! చీకట్లో షిఫ్టు దిగి వచ్చే మనిషి తన ఇల్లు తాను గుర్తుపట్టాలనేమో.

మీ వల్ల ఒక సాయం కావాలి. వీధి వైపు కిటికీల ఎత్తు, ముందు తలుపు వెడల్పు, మన పసుపు వరసలో ఇటుకలెన్నో కొలిచి పంపండి.

మీ
రోస్విత


వాల్‌బుర్గా కాలనీ, 11 మార్చి

రోసీ,

ఉత్తరం అందింది. మందు తాగుతున్నాను. పావురాలు తాగనంటున్నాయి.

కొలతలు వెనక కాగితం మీద ఉన్నాయి. గనిలో వాడిన నా పాత కొలకర్రతోనే కొలిచాను, కాబట్టి తేడా ఉంటే భూమిది, నాది కాదు. నేను ముందు వీధిలో కర్ర పట్టుకుని నిలబడితే వాలెస్కా వచ్చి, "ఏం అన్నా, ఇల్లు అమ్ముతున్నావా, గోడకి కోటు కుట్టిస్తున్నావా?" అంది. మనవరాలి పని అని చెప్పాను. అప్పట్నించి నిచ్చెన తనే పట్టుకుంది. మన వరసలో ఇటుకలు నలభై ఆరు. ఒకటి పగిలింది, యుద్ధంలో.

ముందు తలుపు బయటి నుంచి మాత్రమే కొలిచాను. లోపల అలమారా ఉంది కదా. అది జరపాలంటే ఇద్దరు కావాలి. మీ నానమ్మ శవపేటికని తీసుకెళ్ళిన రోజున జరిపాం, మళ్ళీ పెట్టేశాం. తర్వాత ముట్టుకోలేదు.

ఒక సంగతి అడుగుతాను. వెనక వైపు కొలతలు అడగలేదేం? కొట్టం, గూడు, బొగ్గునుసి దారి? మేం బతికేది అటేగా. గూడు నిండా ఈ ఏడు పదకొండు పక్షులున్నాయి. బూడిదరంగు ఆడది, నువ్వు స్కూలుకెళ్ళేటప్పుడు పేరు పెట్టావే 'సిస్టర్' అని, దాని మనవరాలు జతకట్టింది. ఈసారి పావురాల పందేనికి అదే. గనిలోకి దిగేవాళ్ళకి చెప్పే మాటే, ఎప్పట్లా నీకూ:

క్షేమంగా పైకి రా.
తాత


మ్యూన్‌స్టర్, 2 ఏప్రిల్

తాతయ్యకి,

బొమ్మ నకలు పంపుతున్నాను. నలగకుండా అట్టముక్కల మధ్య పెట్టాను. వెస్టర్‌మన్ గారు చాలాసేపు చూసి, "చక్కగా ఉంది, నిశ్శబ్దంగా ఉంది," అన్నారు. ఆయన అంతకన్నా ఎక్కువ ఎవరినీ మెచ్చుకోరు.

కట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే మిగిలిన ఇళ్ళని కాపాడమని అడగడం తేలికట. అందుకే ముందు వైపే గీశాను. వెనక ఉన్నవన్నీ తర్వాత తర్వాత వచ్చినవి కాబట్టి లెక్కలోకి రావు.

ఏప్రిల్ 24, బుధవారం పొద్దున సంఘం వాళ్ళు నలుగురు కాలనీ చూడటానికి వస్తున్నారు. ఇళ్ళలో మనుషులు ఉంటున్నారా, బాగా చూసుకుంటున్నారా అన్నది రాసుకుంటారట. అందరికీ చెప్పండి. నేను వాళ్ళతో రావడం లేదు. వెస్టర్‌మన్ గారు అడిగారు కానీ, ఆఫీసులో వేరే పని ఉందన్నాను.

ఈస్టర్‌కి కూడా రాలేనేమో. కోపగించుకోకండి.

మీ
రోస్విత


వాల్‌బుర్గా కాలనీ, 17 ఏప్రిల్

రోసీ,

బొమ్మని వంటింట్లో గోడకి తగిలించాను. పండగ పూట ఊరంతా వచ్చి చూసింది. తమ ఇంటిని తామెప్పుడూ చూడనట్టు చూశారు. నిజంగానే చూడలేదేమో, వీధిలో నిలబడి ఇల్లు చూసే తీరిక ఎవరికుంది? వాలెస్కా ముక్కు ఆనించి చూసి, "ఇంత శుభ్రమైన ఇంట్లో ఎవరుంటారో గానీ, మా అత్తగారు మాత్రం కాదు," అంది. తర్వాత నెమ్మదిగా, "పిల్ల చేయి బంగారం," అని కూడా అంది. అది నీకు రాయొద్దంది.

నాకు ఒకటి అర్థం కాలేదు. వెనకవి లెక్కలోకి రావు అన్నావు. అంటే చూడరనా, ఉండకూడదనా? నీ బొమ్మలో కప్పు చివర ఖాళీ ఆకాశం ఉంది. అక్కడ నా గూడు ఉంటుంది. అది ఉంటే ఇళ్ళకి చెడ్డ అవుతుందా? చదువుకున్నదానివి, నువ్వు చెప్పు.

బుధవారానికి అందరం సిద్ధం. కేకులు ఎవరు చేయాలన్న దాని మీద ఆడవాళ్ళ మధ్య చిన్న యుద్ధం జరిగి, సంధి కుదిరింది. అందరూ చేస్తారు.

క్షేమంగా పైకి రా.
తాత


మ్యూన్‌స్టర్, 26 ఏప్రిల్

తాతయ్యకి,

బుధవారం మీరంతా ఎక్కడికి వెళ్ళారు?

సంఘం వాళ్ళ నివేదిక ఈ రోజు ఆఫీసుకి వచ్చింది. నలభై రెండు ఇళ్ళకీ వెళ్ళారట. ఎనిమిది ఇళ్ళలో మనుషులు పలికారు. ముప్పై నాలుగు ఇళ్ళకి ఎదురుగా 'ఖాళీ' అని రాసి ఉంది. మన ఇంటికి కూడా. "జనం ఎప్పుడో వదిలేసిన కాలనీ," అని చివర ఒక వాక్యం. వెస్టర్‌మన్ గారు ఆ కాగితాన్ని నా బల్ల మీద పెట్టి, "మనుషులు లేని ఇళ్ళని ఎవరి కోసం కాపాడమని అడుగుదాం?" అన్నారు.

రమ్మని చెప్పానుగా. తేదీ కూడా రాశానుగా. మీకు అక్కర్లేకపోతే, నేనొక్కదాన్నే గీసి ఏం లాభం?

రోస్విత


వాల్‌బుర్గా కాలనీ, 29 ఏప్రిల్

రోసీ,

నీ ఉత్తరం చదివి, మళ్ళీ చదివాను. నువ్వంత గట్టిగా రాయడం ఇదే మొదలు. బాగుంది, అప్పుడప్పుడూ అలా రాయి.

మేం ఎక్కడికీ పోలేదు. వాళ్ళే రాలేదనుకున్నాం. పొద్దున ఏడింటికే వెనకదారిలో బల్లలన్నీ వరసగా వేసి, దుప్పట్లు పరిచాం. కేకులు తొమ్మిది. కాలనీ పాతవాళ్ళలో షిఫ్టు లేని, నడవగలిగిన ప్రతి మనిషీ అక్కడే ఉన్నాడు. మంచం పట్టిన గార్‌స్కా ముసలామెని కుర్చీతో సహా మోసుకొచ్చాం. ఎనిమిదయింది, పదయింది, పన్నెండయింది. ఇంత పెద్దవాళ్ళకి మాట మీద నిలబడటం తెలియదా అని తిట్టుకుంటూ కేకులు మేమే తినేశాం.

వాళ్ళు వీధి వైపు తిరిగారన్నమాట. ముందు తలుపులు కొట్టుకుంటూ. అందరం వెనకాలుంటే వినేదెవరు? పలికిన ఎనిమిది ఇళ్ళూ టర్కీ నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాలవి. వాళ్ళింకా ముందు తలుపు వాడతారు, ఇక్కడ అలా కాదని మేమెవరమూ చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది.

ఇంకోటి రాయాలి. పదింటప్పుడు కాఫీ తేవడానికి లోపలికెళ్ళిన వాలెస్కా ఎంతకీ తిరిగి రాలేదు. నేను వెళ్ళి చూస్తే, కాఫీ కెటిల్ ఒళ్ళో పెట్టుకుని వంటింటి నేల మీద కూర్చునుంది. 

"ముందు తలుపు కొట్టారు అన్నా," అంది.

"తీశావా?"

"ఎందుకు తీస్తాను? మా హైనర్ గనిలో ఉన్నాడు, పొద్దుటి షిఫ్టు. నేను తీయనంతసేపూ వాడికేం కానట్టే."

నేనూ పక్కనే కూర్చున్నాను. కొట్టింది సంఘం వాళ్ళేమోనని ఇద్దరికీ అనిపించనేలేదు. ఇంకేం చేయాలి? మీ నాన్న గనిలో పోయిన సంగతి నేనేం మర్చిపోయానా! అప్పుడూ ఆ కబురు తెచ్చిన కంపెనీ మనిషికి వెనకదారి తెలియక వీధిలోంచే వచ్చాడు. ఆ తర్వాతేగా మీ నానమ్మ అలమారాని అక్కడికి తోసింది. రెండింటికి హైనర్ ఎప్పట్లా వెనక నుంచి వచ్చి, మూడు ముక్కలు కేకు తిని, "ఏంటి, అందరూ నన్ను అలా చూస్తున్నారు?" అన్నాడు. వాళ్ళమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది.

తప్పు మాదే. పెద్దమనుషులు వస్తారంటే ముందు తలుపు తెరవాలని తట్టలేదు. ఇంకోసారి రమ్మను. ఈసారి సరిగ్గా చేస్తాం.

తాత


మ్యూన్‌స్టర్, 3 మే

తాతయ్యకి,

తప్పు మీది కాదు. ఈ ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది.

వెనక నుంచి వెళ్ళండి అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట తెలిసినదాన్ని ఆఫీసులో నేనొక్కదాన్నే. బొమ్మ గీసేటప్పుడు వెస్టర్‌మన్ గారు అడిగారు కూడా, వెనక ఏముందని. "ఏమీ లేదండీ. అద్దెకున్నవాళ్ళు తర్వాత కట్టుకున్న కొట్టాలు," అన్నాను. 1899 ప్లానులో రెండు కాగితాలున్నాయని రాశాను గుర్తుందా? రెండోది వెనక వైపుది. కొట్టాలు అందులోనే ఉన్నాయి, ఇంటితోపాటే గీసినవి. ప్రతి వంటింటి గుమ్మం నుంచి కొట్టానికి నడిస్తే ఆరడుగులు. మేక కోసం చిన్న కిటికీ. నలభై రెండు ఇళ్ళనీ కలుపుతూ దారి. ఆ గీసినాయన ముందు వీధిని పెన్సిల్‌తో ఒక్క గీత గీసి వదిలేశాడు. వెనకదారికి మాత్రం రంగు వేశాడు. అది చూసి, మడిచి, సొరుగులో పెట్టేశాను.

ఎందుకో చెబుతాను. కాన్వెంటులో చేరిన మొదటి నెలలో సిస్టర్ క్లెమెన్షియా మాలో ఎవరిల్లు వాళ్ళచేత గీయించారు. పక్కపిల్ల తన ఇంటికి రాతిమెట్లు, పియానో ఉన్న కిటికీ గీసింది. నేను ముందు తలుపు గీశాను. దానికి ఇత్తడి పిడి కూడా పెట్టాను, మనకి లేకపోయినా. కుందేళ్ళు, మేకపెంట వాసన, తాళ్ళ మీద గని బట్టలు, బల్ల మీద చొక్కా లేకుండా కూర్చున్న మీరు, ఏవీ గీయలేదు. సిస్టర్ చూసి, "తలుపు దగ్గర ఎవరూ లేరేం?" అని అడిగారు.  ఇప్పుడూ అదే బొమ్మ మళ్ళీ గీశాను తాతయ్యా. చేయి మాత్రమే కుదిరింది.

నిన్న వెస్టర్‌మన్ గారి గదికి వెళ్ళి, రెండో కాగితం బల్ల మీద పెట్టి, నేను పన్నెండో నంబరు ఇంట్లో పెరిగానని చెప్పాను.  ఉద్యోగం నుంచి తీసేస్తారనుకున్నాను. కాగితం అంతా చూసి, "అయితే ఎక్కడ తట్టాలి?" అని అడిగారు.

"తట్టక్కర్లేదండీ. వెనక నుంచి వెళితే తలుపు తెరిచే ఉంటుంది," అన్నాను.

మే 21న మళ్ళీ వస్తారు. ఆయన కూడా వస్తారు. వెనకదారినే వస్తారు. నేను ఆ ఇంటి మనిషినని తెలిశాక వాళ్ళతో రాకూడదట. దయచేసి దేన్నీ ముట్టుకోకండి. కొట్టం, గూడు, బల్ల, బట్టల తాళ్ళు, అన్నీ రోజూ ఉన్నట్టే ఉండనివ్వండి.

రోస్విత


వాల్‌బుర్గా కాలనీ, 3 మే

రోసీ,

నువ్వు జవాబు రాసేలోపే పని పూర్తి చేద్దామని మొదలుపెట్టాను.

నిన్న నేనూ హైనరూ అలమారా జరిపాం. తలుపు బిగుసుకుపోయింది. మూడుసార్లు నూనె పోసి, భుజంతో తోస్తే, ఏడ్చుకుంటూ తెరుచుకుంది. వీధి గాలి నేరుగా వంటింట్లోకొచ్చి నీ బొమ్మని ఊపింది. పావుగంట గడిచిందో లేదో, చివరి ఇళ్ళ వాళ్ళు నల్లకోట్లు వేసుకుని వచ్చేశారు. ముందు తలుపు చావుకే తెరుస్తాం కదా, నా తలుపు తెరిచుంటే ఇంకేమనుకుంటారు? వాలెస్కా గుమ్మంలో నిలబడి, "బతికే ఉన్నాడు, గాలికి తెరిచాడు," అని చెప్పలేక చచ్చింది. గార్‌స్కా ముసలామె కూతురు మాత్రం, తెచ్చిన పూలు తిరిగి ఎలా పట్టుకెళ్ళాలని నా చేతిలోనే పెట్టేసి పోయింది. కుండలో పెట్టాను. బతికుండగా పూలు రావడం బాగుంది.

ఇక అసలు సంగతి. నీ బొమ్మ రోజూ చూస్తున్నాను. గూడు ఉండకూడదా అని అడిగితే నువ్వు జవాబు రాయలేదు. ఇష్టంలేని మాట రాయడం నీకు చిన్నప్పట్నించీ చేతకాదు, కాబట్టి అర్థం చేసుకున్నాను. ఒక్క గూటి కోసం నలభై రెండు ఇళ్ళు పోకూడదు. పక్షుల్ని జావర్‌లాండ్ కొండల్లో ఉండే వెర్నర్‌కి ఇచ్చేశాను, వాడు నాతోపాటు గనిలో పనిచేసినవాడే. పాత పక్షులు బయటికి వదిలితే పుట్టిన గూటికే వచ్చేస్తాయి, అందుకని లోపలే ఉంచి, గుడ్లు పొదిగించుకోమన్నాను. పొద్దున గూడు విప్పేశాను. చెక్కలు కొట్టంలో పేర్చాను. వచ్చేవారం మిగతావాళ్ళు కూడా కొట్టాలు తీసేస్తామంటున్నారు. నేను ముందు చేసి చూపిస్తేనే కదా వాళ్ళు వినేది.

ఇప్పుడు మన ఇల్లు అచ్చం నీ బొమ్మలా ఉంది.

క్షేమంగా పైకి రా.
తాత


మ్యూన్‌స్టర్, 6 మే

తాతయ్యా,

మన ఉత్తరాలు దారిలో దాటుకున్నాయి. నా మూడో తారీకు ఉత్తరం అందిందా? అంది ఉంటే మళ్ళీ చదవండి. అందకపోతే, ఎవరినీ కొట్టం మీద చేయి వేయనివ్వకండి. ఒక్క చెక్క కూడా. తప్పు నా బొమ్మది.

గూడు సంగతి ఎలా రాయాలో నాకు తెలియడం లేదు.

రోసీ


వాల్‌బుర్గా కాలనీ, 9 మే

రోసీ,

రెండు ఉత్తరాలూ అందాయి. మూడో తారీకుది వాలెస్కాకి కూడా చదివి వినిపించాను, ఏమీ అనుకోకు. చొక్కా లేకుండా కూర్చున్న ముసలాడి దగ్గర ఆపి, "అది గీయకపోవడం పిల్ల చేసిన మంచిపని," అంది.

కొట్టాలు ఎవరూ ముట్టుకోలేదు. రెండు కుందేళ్ళ గూళ్ళు తీశారు, తిరిగి పెట్టేశారు.

నీ బొమ్మ చూసి గూడు తీశానని నువ్వు బాధపడుతున్నావు. తీసింది నా చేతులు. నన్నడక్కుండా ఎవరూ తీయలేదు. నలభై ఏళ్ళు గనిలో పనిచేసినవాణ్ణి, ఏ దుంగ తీస్తే కప్పు కూలుతుందో తెలుసు. ఇది అలాంటి దుంగ కాదనుకున్నాను. అంతే.

నువ్వు ఆ తలుపు గీసినందుకు నాకు కోపం లేదు. మీ నాన్న పోయాక మీ నానమ్మ దానికి అలమారా అడ్డం పెట్టింది. నువ్వు దానికి ఇత్తడి పిడి పెట్టావు. ఎవరి పద్ధతి వాళ్ళది.

పొద్దున లేవగానే పై నుంచి చప్పుడు లేకపోవడం మాత్రం కొత్తగా ఉంది. అలవాటవుతుంది.

క్షేమంగా పైకి రా.
తాత


వాల్‌బుర్గా కాలనీ, 22 మే

రోసీ,

నిన్నటిది నిన్నే రాద్దామనుకున్నాను, జనం ఇంటి దగ్గర్నించి కదిలేసరికి చీకటిపడింది. 

వాళ్ళు తొమ్మిదిన్నరకి వచ్చారు, నలుగురూ, మీ వెస్టర్‌మన్ గారూ. నువ్వు చెప్పినట్టే దారి చివరి మలుపు తిరిగి వెనకదారిలోకి వచ్చారు. నువ్వు రోజూ ఉన్నట్టే ఉండమన్నావు. ఉన్నాం, వాలెస్కా తప్ప. ఆవిడ చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని బఠాణీలు ఒలిచింది. మీ ఆఫీసాయన పెద్దగా మాట్లాడడు. దారి వెంబడి నడుస్తూ అన్నీ కొలిచాడు. గుమ్మానికీ కొట్టానికీ మధ్య తనే అడుగులేసి చూశాడు. ఆరే. బల్ల మీద మనుషులు కూర్చుని కూర్చుని గుంటపడ్డ చోటు చూసి, అక్కడే కూర్చుని, దాని లోతు కూడా రాసుకున్నాడు. మిగతా నలుగురూ మొదట్లో బిగుసుకుని ఉన్నారు, నాలుగో ఇంటికొచ్చేసరికి చేతిలో ప్లేట్లున్నాయి. 'ఖాళీ' అని రాసిన పెద్దమనిషికి గార్‌స్కా ముసలామె చేయిచ్చి, "నేను పద్దెనిమిదో నంబరు, ఖాళీ," అని పరిచయం చేసుకుంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మన ఇంటి దగ్గర ఉన్నప్పుడు, పదకొండు కావస్తుంటే, పైన రెక్కల చప్పుడైంది. నేను తల ఎత్తలేదు. తెలిసిపోయింది. మూడు వారాలు కావస్తోంది కదా, అలవాటుపడి ఉంటాయని వెర్నర్ గాడు ఆ పొద్దున తలుపు తీశాడట, మధ్యాహ్నం హైనర్ పనిచేసే చోటుకి ఫోన్ చేసి బతిమాలుకున్నాడు. పదకొండూ వచ్చాయి. రెండుసార్లు చుట్టు తిరిగి, కొట్టం కప్పు మీద సరిగ్గా గూడు ఉండే చోట దిగి, అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాయి. బూడిదరంగుది గాల్లోకి మెడ చాచి, లేని చెక్క మీదకి ఎక్కబోయి జారింది. మళ్ళీ ఎక్కబోయింది.

 మీ వెస్టర్‌మన్ గారు నా పక్కకొచ్చి, "ఏం వెతుకుతున్నాయండీ?" అని అడిగాడు.

"వాటి తలుపు," అన్నాను.

 కాగితం మీద ఆ చోట చుక్కల గీతతో ఒక పెట్టె గీశాడు. పక్కన ఏదో రాశాడు. కళ్ళజోడు లేక నాకు కనబడలేదు, వాలెస్కా చూసింది. 'ఇక్కడ ఉండేది' అని రాశాడట.

పక్షులు పొద్దుగూకేదాకా కప్పు మీదే ఉన్నాయి. తర్వాత కొట్టం తలుపు తీస్తే, మేక తొట్టి మీద సర్దుకున్నాయి. గూడు మళ్ళీ కట్టాలి. చెక్కలున్నాయి, కొలతలు లేవు. ముప్పై ఏళ్ళ కిందట చేతికొచ్చినట్టు కట్టాను, ఎప్పుడూ రాసుకోలేదు.

క్షేమంగా పైకి రా.
తాత


మ్యూన్‌స్టర్, 7 జూన్

తాతయ్యకి,

నిన్న పురపాలక సంఘం సమావేశం జరిగింది. పడగొట్టే ప్రతిపాదన ఈ ఏడాదికి పక్కన పెట్టారు. వచ్చే ఏడు మళ్ళీ ఎత్తుతారట, కాబట్టి ఇంకా ఊపిరి పీల్చుకోకండి. కానీ మా నివేదికని ఒప్పుకున్నారు. అందులో ముందు వైపు బొమ్మ రెండో పేజీలో ఉంది. మొదటి పేజీలో వెనకదారి. కొట్టాలు, బల్లలు, బట్టల తాళ్ళు, మేక కిటికీలు, మొత్తం నేను మళ్ళీ గీశాను. తొమ్మిది రోజులు పట్టింది. ఒక బల్ల మీద ఒక మనిషిని కూడా గీశాను. చొక్కా వేశాను, వాలెస్కా అత్తకి చెప్పండి. నలభై రెండు ఇళ్ళకి ఎదురుగా ఇప్పుడు పేర్లున్నాయి.

ఈ ఉత్తరంతో ఇంకో కాగితం ఉంది. మీ గూడు. కొలతలు ఎక్కడా లేవన్నారు కదా. నాకు పదేళ్ళప్పుడు నిచ్చెన మూడో మెట్టు మీద నిలబడితే గూటి చూరు నా గడ్డానికి తగిలేది. లోపల ఆరు అరలు, ప్రతి అరలో నా మోచేయి వరకూ పట్టేది, గింజలు వేసేటప్పుడు. నా పాత కోటు చేతి కొలత ఇంకా ఉంది. వాటితో లెక్కకట్టి గీశాను. తలుపు ఎత్తు మాత్రం కచ్చితంగా తెలియదు, ఊహించాను. తప్పైతే దిద్దండి.

శనివారం, పదిహేనో తారీకు, పొద్దుటి రైలుకి వస్తున్నాను. స్టేషన్‌కి ఎవరూ రావద్దు. దారి తెలుసు.

మీ
రోసీ


కార్డు. వాల్‌బుర్గా కాలనీ, 12 జూన్

రోసీ,

బొమ్మ అందింది. గూటి తలుపు నువ్వు గీసినదానికన్నా రెండు వేళ్ళు కిందికి ఉండేది. మిగతా అంతా సరిపోయింది, నీ మోచేయితో సహా. దిద్దుకుని కట్టాను. హైనర్ మేకులు అందించాడు, వాలెస్కా సలహాలు అందించింది.

తొమ్మిది లోపలికి వెళ్ళాయి. రెండు ఇంకా కప్పు మీదే ఉన్నాయి, కొత్తగా కొట్టిన చెక్క వాసన పడక. వాటిలో బూడిదరంగుది ఒకటి. తొందరపెట్టడం లేదు.

అలమారా మళ్ళీ తలుపుకి అడ్డంగా పెట్టేశాం. శనివారం వంటింటి తలుపు తీసే ఉంటుంది.

తాత